బంపర్ అచ్చుకు నేను పెట్టిన గరుకు కాగితం

కొత్తకోటలో మా షెడ్డు. లారీల ఫైబర్ బంపర్లు తీసే అచ్చులను ఒకప్పుడు నేనే చెక్కేవాణ్ణి. ఇప్పుడు కోడలు కంప్యూటర్‌లో కొలతలు పెడితే సీఎన్‌సీ మిషన్ కోస్తుంది. మొన్న కొత్త అచ్చు అంచు నా కంటికి మొరటుగా కనిపించింది. ఎవరికీ చెప్పకుండా గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. ఈ రోజు అందులో తీసిన బంపర్‌ను లారీకి పెడితే సందు పడింది.

“మా నాయిన చేతిపని ఏనాడన్న గిట్లయిందా?” అని కొడుకు ఆమెను కసిరాడు.

“కొలత నేనే తప్పు పెట్టిన్నేమో, మామా,” అన్నది కోడలు నా దిక్కు చూసి.

నేను బీడీ ముట్టించుకుని బయటికి పోయాను. ఆమె ఇంకా కొలతలు చూస్తూనే ఉంది. ఫోన్‌లో ఇట్లా పోస్టులు రాయడం నాకు నేర్పింది ఆమే, ఇది ముందుగా చదివేదీ ఆమే. చదివే మీరైతే ముఖం మీద చెప్పేవారేమో, కింద కామెంట్లలో రాయండి. అమ్మా, రుద్దింది నేనే.