అనూరాధ టీచరు వేసిన గడియ

నూకాలమ్మపేట, చింతలవానిపాలెం. విశాఖ ఒడ్డున పక్కపక్కనే ఉన్న రెండు మత్స్యకార గ్రామాలు. మధ్యలో మురుగుకాలువ. కాలువకి పేట వైపున ఉన్న హైస్కూలు ఒక్కటే రెండు ఊళ్లకీ.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే అనూరాధ నూకాలమ్మపేట ఆడబడుచు. తల్లి పోతమ్మ నెత్తిన తట్ట పెట్టుకుని నగరంలో వీధివీధీ తిరిగి చేపలమ్మి చదివించింది. ఉద్యోగం వచ్చాక స్టీలు ప్లాంటులో పనిచేసే నాగవంశీని పెళ్లాడి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టింది. ఎక్కడికైనా బదిలీ అడిగే వీలున్నా అడగకుండా, రోజూ రెండు బస్సులు మారి తను చదువుకున్న బడికే వచ్చేది.

తమ్ముడు ఎల్లాజీకి చదువు అబ్బలేదు. చిన్నప్పుడే వేటకి వెళ్లాడు. కోపం వస్తే ఆగేవాడు కాదు. అనూరాధ పదో తరగతి చదివే రోజుల్లో ఒక కుర్రాడు ఆమె పుస్తకాల సంచీ లాగి కాలువలో పడేశాడు. ఎల్లాజీ వాణ్ణి ఇసుకలో పడేసి, రాయి తీసుకుని ముక్కు పగలగొట్టాడు. ఆ సాయంత్రం పోతమ్మ కొడుకుని తిట్టింది గానీ, అనూరాధ మాత్రం తమ్ముడి పక్కనే కూర్చుని అన్నం తిన్నది. అప్పట్లో ఆమెకి అది గర్వంగా ఉండేది.

రెండు ఊళ్ల మధ్య తగువు రింగు వలల గురించి. పేటవాళ్లు పెద్ద బోట్లు కట్టి రింగు వలలు వేస్తున్నారు. అవి గుంపులు గుంపులుగా ఉన్న చేపని పిల్లతో సహా చుట్టి లాగేస్తాయి. చిన్న బోట్ల మీద బతికే పాలెంవాళ్ల వలలకి ఏమీ మిగలడం లేదు. ఒక ఆదివారం పొద్దున్న పాలెంవాళ్లు సముద్రంలోనే ఎల్లాజీ బోటుని చుట్టుముట్టి వల కోసేశారు. తెడ్లతో కొట్టుకున్నారు. ఒకడి చెవి తెగి నీళ్లలో పడింది. మధ్యాహ్నానికి పేటవాళ్లు కాలువ దాటి వెళ్లి ఇసుక మీద ఉన్న బోట్లకి నిప్పు పెట్టారు. అబ్బులు అనే ఆయన తన బోటు కాపాడుకుందామని మంటల్లోకి దూరాడు. రెండు చేతులూ, ఛాతీ కాలి పెద్దాసుపత్రిలో పడ్డాడు.

అబ్బులు కొడుకు బాబీ ఏడో తరగతి. ఎల్లాజీ కొడుకు గోపీ కూడా ఏడో తరగతి. ఇద్దరికీ ఇంగ్లీషు చెప్పేది అనూరాధే.

సోమవారం ఆమె క్లాసులోకి వెళ్లేసరికి బెంచీలు మారిపోయి ఉన్నాయి. పేట పిల్లలంతా కిటికీల వైపు, పాలెం పిల్లలంతా గోడ వైపు. మధ్యలో దారి వెడల్పయింది. ఆమె చూసీ చూడనట్టు పుస్తకం తెరిచింది. ఆ వారం భూతకాలపు క్రియలు చెప్పాలి. పాఠంలో పడితే పిల్లలు మామూలవుతారనుకుంది.

బోర్డు మీద గో పక్కన వెంట్ అని, బ్రేక్ పక్కన బ్రోక్ అని రాసుకుంటూ వచ్చి, హిట్ పక్కన మళ్లీ హిట్ అనే రాసింది.

"టీచర్, ఇదేటి మారనేదు?" అని ముందు బెంచీలో నాగశ్రీ అడిగింది. పేట పిల్ల, చురుకైనది.

"కొన్ని మారవమ్మా. నిన్న కొట్టినా హిట్టే, ఇవాళ కొట్టినా హిట్టే."

"రేపు కొడితే టీచర్?" అని గోడ వైపు నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మంగళవారం ఒక్కొక్కరూ లేచి భూతకాలంలో ఒక వాక్యం చెప్పాలంది. ఇడ్లీ తిన్నామని ఒకరు, బస్సెక్కామని ఒకరు చెప్పారు. గోపీ వంతు వచ్చింది. వాడు లేచి, మేనత్తగా కాక టీచరుగానే ఆమెని చూస్తూ, గట్టిగా చెప్పాడు.

"మై ఫాదర్ బర్న్డ్ బాబీ బోట్."

"బాబీస్ బోట్," అంది అనూరాధ.

ఏళ్ల తరబడి తప్పులు దిద్దిన నోరు. మాట బయటికి వచ్చాకే వాక్యం ఆమె చెవికెక్కింది. బాబీ వైపు తిరిగేలోపే వాడు బెంచీ మీంచి దూకాడు. జామెట్రీ బాక్సులోంచి తీసిన కంపాస్ వాడి పిడికిట్లో ఉంది. గోపీ చేయి డెస్కు మీద ఆనించి ఉంది. బాబీ ఆ చేతి మీద పొడిచాడు. ముల్లు అరచేతిలోంచి దిగి చెక్కలో గుచ్చుకుంది. గోపీ అరుపుకి పక్క క్లాసులు ఆగిపోయాయి. చేయి లాక్కోబోతే రాలేదు. బాబీ ఆ కంపాస్‌నే మెలిపెడుతున్నాడు.

"ఒగ్గీరా! బాబీ, ఒగ్గీ!" అని అనూరాధ వాణ్ణి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. బడిలో ఆమె ఏనాడూ ఇంటి యాసలో మాట్లాడలేదు. గోడ వైపు పిల్లలూ కిటికీ వైపు పిల్లలూ మధ్య దారిలో కలబడ్డారు. ఒక పిల్ల జడ, ఒక పిల్లవాడి చొక్కా, ఒకరి టిఫిన్ డబ్బా, ఏది అందితే అది. అన్ని క్లాసుల టీచర్లూ వచ్చి విడదీసేసరికి నేలంతా చుక్కలు చుక్కలుగా రక్తం.

గోపీ చేతికి కుట్లు పడ్డాయి. నరం తెగిందని, మధ్య రెండు వేళ్లూ ముడుచుకోకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

బుధవారం సగం మంది పిల్లలు రాలేదు. హెడ్‌మాస్టరు సాయిశంకర్ నెమ్మదస్తుడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. అనూరాధని పిలిచి, "బాబీకి టీసీ ఇచ్చేద్దామండీ. వాడు ఇక్కడుంటే వాడికే ప్రమాదం," అన్నాడు.

"వాడి నాన్న ఆసుపత్రిలో, వాళ్లమ్మ ఆయన దగ్గర. పగలు వాడికి బడి తప్ప ఇంకో చోటేదీ సార్?"

ఆయన టీసీ రాయలేదు.

ఆ సాయంత్రం ఆమె పుట్టింటికి వెళ్లింది. గోపీ మంచం మీద కట్టుతో పడుకుని ఉన్నాడు. ఎల్లాజీ గుమ్మంలో నిలబడ్డాడు. అక్కని అతను అప్పా అనే పిలుస్తాడు.

"అప్పా, ఆ గుంటడు రేపు బడికి వత్తాడా?"

"వత్తే?"

"ఆడ్ని బయటికంపు. మిగతాది నాను సూసుకుంటాను."

"పన్నెండేళ్ల పిల్లడ్రా ఆడు."

"నా కొడుక్కెన్నేళ్లు?" అంటూ ఎల్లాజీ పక్కనున్న నీళ్లబిందెని కాలితో తన్నాడు. అది దొర్లి గోడకి కొట్టుకుని సొట్టబోయింది. "రేపు ఈడు తెడ్డెలా పడతాడు? తాడెలా లాగుతాడు? సెప్పు!"

"నువ్వు బోట్లు తగలెట్టకపోతే ఈడి సెయ్యి బాగుండేదిరా."

అతను ఆమె మెడ పట్టుకుని గోడకి నొక్కాడు. కాళ్లు నేల మీద ఆనీ ఆననట్టున్నాయి. కొడుకు చేయి పట్టుకు లాగలేక పోతమ్మ అతని వీపు మీద పిడికిళ్లతో బాదింది. అతను వదిలేసి, ఏమీ జరగనట్టు బయటికి వెళ్లిపోయాడు. అనూరాధ చాలాసేపు దగ్గుతూ కూర్చుంది. పోతమ్మ మంచినీళ్లిచ్చి, "రేపు బడికి ఎల్లకే. సెలవెట్టీ," అంది.

గురువారం ఆమె బడికి వెళ్లింది. మెడ మీద వేళ్ల గుర్తులు కనపడకుండా చీరకొంగు కప్పుకుంది. బాబీ గేటు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. వాణ్ణి తనతోనే లోపలికి తీసుకెళ్లి ముందు బెంచీలో, నాగశ్రీ పక్కన కూర్చోబెట్టింది.

మూడో పీరియడ్ నడుస్తుండగా కేకలు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే పేట నుంచి మనుషులు వస్తున్నారు. చేతుల్లో తెడ్లు, ఇనప రాడ్లు, బోటు గెడలు. ముందు ఎల్లాజీ. వాచ్‌మన్ గేటు వేయబోతే అతని నెత్తి మీద ఒకటి పడింది. సాయిశంకర్ వరండాలోకి పరిగెత్తుకొచ్చి, చేతులెత్తి ఏదో చెప్పబోయాడు. వాళ్లు ఆయన్ని పక్కకి తోసేశారు. కళ్లద్దాలు పగిలి, పడ్డచోటు నుంచే ఆయన పోలీసులకి ఫోను చేశాడు. పోలీసులంతా గొడవ మళ్లీ రేగుతుందేమోనని ఒడ్డున కాపలా ఉన్నారు.

అనూరాధ తలుపు రెక్కలు రెండూ మూసి గడియ వేసింది. బల్లని ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టింది.

"అందరూ బెంచీల కిందకి. ఎవరూ లేవకండి," అంది. బాబీని తన కుర్చీ వెనక మూలలో కూర్చోబెట్టింది. వాడి నిక్కరు తడిసిపోయింది.

"అప్పా! తలుపు తియ్యి!"

"తియ్యను!"

ఊచలున్న కిటికీల అద్దాలు పగిలి లోపల పడ్డాయి. ఒక పాలెం పిల్ల చెంప చీరుకుంది. పిల్లలు ఏడుస్తున్నారు. పేట పిల్లలు తమ నాన్నల్నీ బాబాయిల్నీ పేర్లు పెట్టి పిలుస్తూ, "మేం ఉన్నాం లోపల, కొట్టకండి," అని అరుస్తున్నారు. బయటివాళ్లకి వినపడ్డా ఆగలేదు. తలుపు మీద రాడ్లు పడుతున్నాయి. గడియ మేకులు ఊడుతున్నాయి. అనూరాధ బల్లకి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. ప్రతి దెబ్బకీ ఆమె వెన్ను అదురుతోంది.

తలుపు విరిగింది.

ఎల్లాజీ బల్ల మీద నుంచి లోపలికి దూకాడు. బాబీని చూశాడు. తెడ్డు ఎత్తాడు. అనూరాధ మూలకి పరిగెత్తి పిల్లవాడి మీద వంగి, కుడిచేయి తల మీద అడ్డం పెట్టింది. తెడ్డు ఆ చేతి మీద పడింది. మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. నొప్పి తర్వాత వచ్చింది.

"అడ్డు లెగు!"

"లెగను. నన్ను సంపి ఆడ్ని తీసుకో!"

అతను మళ్లీ కొట్టాడు. ఈసారి భుజం మీద. ఎవరిని కొడుతున్నాడో తెలిసే కొట్టాడు. దాన్ని ఆమె తర్వాత ఎప్పుడూ మరచిపోలేదు. ఆమె పడిపోయింది. వెనకొచ్చినవాళ్లలో ఒకడు బాబీని జుట్టు పట్టి ఈడ్చాడు. వాడు నాగశ్రీ బాబాయి. నాగశ్రీ బెంచీ కింద నుంచి వచ్చి, అతని మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కొరికింది. చర్మం చీలి రక్తం వచ్చేదాకా వదల్లేదు. అతను ఆ పిల్లని విసిరికొట్టాడు. బెంచీ అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది. అయినా మళ్లీ లేచి అతని కాలు చుట్టుకుంది. ఆమెని చూసి ఇంకొందరు పిల్లలు బయటికొచ్చారు. కిటికీ వైపువాళ్లూ, గోడ వైపువాళ్లూ. మీద పడి బట్టలు లాగారు, రక్కారు, పుస్తకాలతో కొట్టారు. పెద్దవాళ్లు తమ పిల్లల్ని కొట్టలేక, విదిలించుకోలేక తడబడ్డారు. ఆ కాస్త సేపట్లో పోలీసు జీపు వచ్చింది.

అప్పటికే బాబీ పెదవి చీలింది, పక్కటెముకలు రెండు విరిగాయి. ప్రాణానికి మాత్రం భయం లేదన్నారు.

శుక్రవారం బడి తెరవలేదు. అనూరాధ చేతిలో రాడ్డు వేశారు. ఎస్సై వాంగ్మూలం రాసుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. నాగవంశీ పక్కన నిలబడ్డాడు. పోతమ్మ మంచం అంచు పట్టుకుని కూర్చుంది.

"గుంపులో ఎవుడు కొట్టాడో తెల్దని సెప్పే," అని తల్లి ఆమె చెవిలో అంది. "తట్ట మోసి సదివించినాను నిన్ను. ఆడు నా కొడుకే."

అనూరాధ భర్త వైపు చూసింది. "నీ ఇష్టం అనూ. ఏం చెప్పినా నేను నీతోనే ఉంటా," అన్నాడతను.

"మా తమ్ముడు ఎల్లాజీ," అంది ఎస్సైతో. "తెడ్డుతో రెండుసార్లు కొట్టాడు. నేనని చూసే కొట్టాడు."

పోతమ్మ లేచి వెళ్లిపోయింది.

శనివారం డాక్టరు వద్దంటున్నా ఆమె ఆటోలో బడికి వెళ్లింది. గేటు దగ్గర పోలీసులున్నారు. ఏడో తరగతిలో పిల్లలు తక్కువ. నుదుటికి కట్టుతో నాగశ్రీ వచ్చింది. బెంచీలు ఎవరు సర్దారో, పాత వరసల్లోకి వచ్చాయి. ఆమె కుర్చీలో కూర్చుని, కొత్తగా ఏమీ చెప్పకుండా, పిల్లల చేత పాఠం చదివించబోయింది. ఎవరూ పుస్తకం తెరవలేదు. అందుకని తనే చదివింది.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. రింగు వలలు ఒడ్డుకి ఎంత దూరంలో వేయాలో తేల్చుకున్నారు. రెండు ఊళ్లూ కేసులు రాజీ చేసుకున్నాయి. అబ్బులు కూడా సంతకం పెట్టాడు. అనూరాధ పెట్టలేదు.

బెయిలు మీద వచ్చిన ఎల్లాజీ ఒక మధ్యాహ్నం కూర్మన్నపాలెం వచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"రాజీకి రావా అప్పా?"

"రాను."

"సిన్నప్పుడు నీకోసం ముక్కు పగలగొట్టినాను ఒకడికి."

"అప్పుడే సెప్పాల్సింది నాను, తప్పని," అంది ఆమె. అతను గేటుని ఒక్క గుద్దు గుద్ది వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పింది. అతనికి రెండేళ్ల శిక్ష పడింది. కోర్టు వరండాలో పోతమ్మ అందరి ముందూ కూతుర్ని కొట్టింది. చెంపల మీద, వీపు మీద, చేయి ఎక్కడ పడితే అక్కడ. కాలిన మచ్చలున్న చేతులతో అబ్బులు అడ్డం రాబోయాడు.

"ఒగ్గీ బావా, కొట్టనీ," అని వరస కలిపి అంది అనూరాధ.

పోతమ్మ అలిసిపోయి మెట్ల మీద కూలబడింది. అనూరాధ ఆమె లేచేదాకా అక్కడే నిలబడింది. తల్లి బస్సెక్కాక తన బస్సెక్కింది.

మర్నాడు ఎనిమిదో తరగతిలో మొదటి పీరియడ్ ఆమెదే. బాబీ వచ్చాడు. గోపీ రాడనుకుంది. వాడూ వచ్చాడు. ఆఖరి బెంచీలో కూర్చుని కిటికీలోంచి రేవు బయట ఆగిన ఓడల వైపు చూస్తున్నాడు. పేరు పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచింది. అప్పుడూ పలకలేదు. ఆమె వాడికి హాజరు వేసి, తర్వాతి పేరు పిలిచింది.