సత్తెమ్మ భుజం మీది చెయ్యి

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఫొటోల్లో కనిపించే వింతల్ని అసలే నమ్మను. వాటిని ఎలా చేస్తారో తెలిసినవాణ్ణి. పంతొమ్మిదివందల అరవైలలో నల్లగొండలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది.

ఒకరోజు పొద్దున కేతేపల్లి నుంచి సత్తెమ్మ అనే ఆమె చంటిపిల్లనెత్తుకుని వచ్చింది. ఆ పిల్ల కడుపులో ఉండగానే భర్త మల్లయ్య జ్వరంతో పోయాడట. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో లేదు. ఆమె తెచ్చిన, ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటోలో మాత్రం అతను ఉన్నాడు.

"మమ్ముల ఇద్దర్ని ఒక్కతాన జేసియ్యన్నా. పిల్ల పెద్దగయితే బాపును సూపియ్యాలె," అంది.

ఆమెను తెల్ల పరదా ముందు కుర్చీలో కూర్చోబెట్టి తీశాను. పెళ్ళి ఫొటోకు నకలు తీసి, మల్లయ్య ఆకారం మట్టుకు వదిలేలా నల్ల కాగితంతో ముసుగు కత్తిరించాను. అది అడ్డుపెట్టి మల్లయ్య నెగటివ్, ముసుగు మార్చి సత్తెమ్మది, ఒకే ఫొటో కాగితం మీద వేయాలి. అతని ఎడమచెయ్యి పక్క మనిషి వెనక దాగి ఉండటంతో భుజం దగ్గరే కోసేశాను. ఆ లోటు సత్తెమ్మ వెనక పడేలా అమర్చాను.

మొదటి ప్రింటులో అతని చుట్టూ తెల్లటి గీత వచ్చింది. జుట్టు దగ్గర, చెవుల దగ్గర ముసుగును సన్నగా చెక్కి మళ్ళీ వేశాను. మందునీళ్ళలో బొమ్మ తేలింది. గీత పోయింది. కానీ సత్తెమ్మ భుజం మీద ఒక చెయ్యి ఉంది.

మరకేమో అనుకున్నాను. ఆరాక కిటికీ దగ్గర చూశాను. గోళ్ళతో సహా కనిపిస్తోంది. నెగటివ్‌లు రెండూ వెలుగుకు పెట్టి చూశాను. ఎందులోనూ ఆ చెయ్యి లేదు. ఆమెను తీసినప్పుడు వెనక ఎవరూ నిలబడలేదు.

అంతలో ఫొటో కోసం సత్తెమ్మ రానే వచ్చింది. ఫొటో చేతికిచ్చాను. భుజం మీది ఆ చెయ్యి మీద వేలు పెట్టింది.

"ఆయన సిటికెనేలు గిట్లనే ఉంటుండె," అంది మెల్లగా. "గడ్డి కోస్తుంటె కొడవలి తాకి సగం తెగింది. నీకెట్ల ఎరుకన్నా?"

వేలు పొట్టిగా ఉందని నేనప్పటిదాకా గమనించనే లేదు.

"రంగు పూస్తే చెయ్యి కనవడది చెల్లె. తీసేస్త," అన్నాను.

"వద్దన్నా. ఉండనీ." ఫొటోను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత అవే నెగటివ్‌లు, అవే ముసుగులతో ఎన్నోసార్లు వేసి చూశాను. చెయ్యి మళ్ళీ రాలేదు. నా పనిలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని సర్దిచెప్పుకుంటాను. ఏ పొరపాటు చేస్తే అలా వస్తుందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.