చెక్ డ్యామ్ పక్కన కోసుకుపోయిన చేను

2018వ సంవత్సరం. పత్తికొండ వైపు ఎర్రనేలల్లో ఒక మెట్ట పల్లె. నేల, నీటి సంరక్షణ పనులు చూసే శాఖలో నేను టెక్నికల్ అసిస్టెంటును. అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడుతోంది. మా ఉద్యోగం ఏమిటని చాలామంది అడుగుతుంటారు. వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో, పోతూ పోతూ ఎంత మన్ను పట్టుకుపోతాయో చూసి, వాటి పరుగును ఎక్కడికక్కడ తగ్గించడం మా పని. కొలతలు తీస్తాం, ముగ్గు పోసి చూపిస్తాం, కట్టేటప్పుడు దగ్గరుంటాం. చివరి మాట మాత్రం పైవాళ్లది.

ఆ పల్లె పక్కన ఒక వంక ఉంది. ఏడాదిలో పారేది కొద్ది రోజులే అయినా, పారిన రోజు పొగరుగా పారుతుంది. దానికి చెక్ డ్యామ్ మంజూరైంది. చెక్ డ్యామ్ అంటే వంక నీటిని కాసేపు నిలబెట్టి, భూమిలోకి ఇంకనిచ్చి, మిగిలిన నీటిని పైనుంచి దొర్లించే అడ్డగోడ. చూసేవాళ్లకు గోడ ఒక్కటే కనిపిస్తుంది. దాని ప్రాణం కనిపించని చోట ఉంటుంది. గోడ రెండు కొసలనూ ఇరుపక్కల గట్ల లోపలికి బాగా చొప్పించి కట్టాలి. ఆ భాగాన్ని కీ వాల్ అంటాం. అది లేకపోతే నీళ్లు గోడతో కొట్లాట పెట్టుకోవు. గోడ కొస ఎక్కడుందో వెతుక్కుని పక్క గట్టును కోసుకుని పోతాయి.

ఎడమ గట్టు మీద మరియమ్మ చేను. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఆ చేనే ఆధారం. వేరుశనగ వేసేది. ఆదివారం చర్చికి పోయొచ్చి కూడా చేలోకి దిగే మనిషి. నేను కీ వాల్ కోసం గట్టు మీద ముగ్గు పోస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏంది సార్, నా చేన్లోకే వస్తాండారు?"

"గోడ కొస గట్టులోకి పోవాలమ్మా. లేకుంటే వంకే నీ చేన్లోకి వస్తుంది."

"అట్లయితే ఇంగా రెండు మూరలు ఎక్కువే తీసుకోప్పా. గోడ వస్తే రానీ, వంక మాత్రం వద్దు."

ఆ తర్వాత నన్ను వేరే మండలానికి సర్వే పనికి పంపారు. తిరిగొచ్చేసరికి గోడ లేచింది, రంగు వేశారు, బోర్డు కూడా పెట్టారు. గట్టు తవ్విన గుర్తే నాకు కనిపించలేదు. కాంట్రాక్టరును అడిగితే "అంతా ఎస్టిమేట్ ప్రకారమే సార్" అన్నాడు. మా ఇంజనీరు గారి దగ్గరకు పోయి, ఒకచోట తవ్వి చూద్దామన్నాను.

"రంగు వేసిన గోడ పక్కన తవ్వుతావా? వచ్చే వారం పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారయ్యా" అన్నారు.

పెద్దవాళ్లు వచ్చారు, ఫోటో దిగారు, పోయారు. వాన ఫోటో చూసి రాదు కదా!

వేరుశనగ మొలకెత్తి ఆకులు విచ్చుకున్నాక ఒక పెద్ద వాన కురిసింది. మర్నాడు పోయి చూస్తే గోడ చెక్కుచెదరలేదు. వంకే పక్కకు జరిగింది. గోడ ఎడమ కొసను చుట్టుకుని మరియమ్మ చేన్లోంచి కొత్త దారి చేసుకుంది. మొలకలు, ఎర్రమన్ను, చేను చుట్టూ వేసుకున్న గెనిమ గట్టు అన్నీ పోయి అడుగున తెల్లటి గరుసు బయటపడింది. మిగిలిన చేను అంచు నుంచి మట్టిపెళ్లలు విరిగి వంకలో పడుతున్నాయి. ఇంకొక్క వాన వస్తే ఆ మిగిలిందీ దక్కదని అక్కడున్న ఎవరికైనా తెలుస్తూనే ఉంది.

ఆ వారంలోనే ఇంజనీరు గారు, కాంట్రాక్టరు ఒకే జీపులో వచ్చారు. ఊరివాళ్లు చేరారు. కాంట్రాక్టరు దారిలోనే కథ అల్లుకొచ్చాడు.

"నా గోడ చూడండి సార్, గీత పడిందా? ఈ ఊరి ఆడోళ్లు ఎండాకాలం మిద్దెల మీదికి మన్ను తవ్వుకుంటారు. ఈమె ఈ గట్టే తవ్వింది. గట్టు లూజై కొట్టుకపోయింది. దానికి నేనేం చేసేది?"

ఇంజనీరు గారు తలూపి మరియమ్మ వైపు తిరిగారు. "ప్రభుత్వ కట్టడం పక్కన మట్టి తవ్వడం నేరమని తెలియదా నీకు?"

ఆ మాట నిలిస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. తప్పు రైతుదైతే కాంట్రాక్టరు మరమ్మతు చేయనక్కర్లేదు. చేను వంకలో కలుస్తుంది. పైగా పోగొట్టుకున్నామె మీదే నేరం.

మరియమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నడుముకు చుట్టింది.

"ఏమప్పా, యానాడన్నా మిద్దె ఎక్కినావా నువ్వు? ఎర్రమన్ను మిద్దె మింద ఎవురన్నా ఏస్తారా? ఏస్తే వానకు ఇల్లంతా కుండలు పెట్టుకోవాల!"

జనం గొల్లుమన్నారు. మా ప్రాంతపు పాత ఇళ్లకు బల్లపరుపు మట్టి కప్పులుంటాయి. మిద్దెలంటాం. ముంగారు వానలకు, అంటే తొలకరికి ముందు వాటి మీద చౌడు పరుస్తారు. చౌడంటే పైరు మొలవని నేలలోని తెల్లమన్ను. తడిస్తే బిగిసి నీటిని కిందికి దిగనివ్వదు. ఆ ఊళ్లో చౌడు దొరికేది వంకకు అవతలి పక్క. మరియమ్మ చేను ఉన్న గట్టంతా ఎర్రమన్నే. ఎర్రమన్ను మిద్దెకెత్తే మనిషి కర్నూలు, కడప జిల్లాల్లో ఎక్కడా ఉండడు. కాంట్రాక్టరూ ఈ సీమలో పుట్టినవాడే. తెలిసే చెప్పాడు. ఇంజనీరు గారిది వేరే ప్రాంతం, ఆయనకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. కానీ ఎదురుగా ఊరంతా నిలబడి ఉంటే, ఒక్కరినీ ఒక్క మాటా అడగకుండా నేరం ఎవరిదో తేల్చేయడం నా ఒళ్లు మండించింది.

"సార్, మిద్దెల సంగతి తర్వాత. ముందు గోడ కొస చూద్దాం రండి" అన్నాను.

గట్టు పోవడంతో ఆ కొస పూర్తిగా బయటపడింది. కీ వాల్ ఉంటే గోడ ఇంకా లోపలికి సాగుతూ ఉండాలి. ఇది గట్టు అంచు దగ్గరే ఆగిపోయింది. ఆ కొసకు నున్నగా సిమెంటు పూత కూడా పూశారు. గట్టులోకి పోవలసిన గోడకు ఎవరైనా కొస పూస్తారా?

గోడ కట్టిన బేల్దారి దస్తగిరి ఆ ఊరివాడే, జనంలోనే ఉన్నాడు. "ఇది నీ పనేనా?" అని అడిగాను.

"నా చెయ్యే సార్. గట్టు తవ్వల్ల గదా అంటే, 'ఈడికి చాలు, కొస నున్నగా తియ్' అనె ఈయప్ప. నున్నగా అంటే మనం తక్కువ తీస్తామా? అద్దం మాదిరి తీసినా. కావాలంటే తల దువ్వుకోండి."

"నోరు ముయ్‌రా! రేపట్నుంచి నీకు పని ఎవరిస్తారో చూస్తా" అన్నాడు కాంట్రాక్టరు.

"చూడు లేప్పా. శానామంది ఉండారు గోడలు కట్టించుకునేటోళ్లు" అన్నాడు దస్తగిరి. అన్నాడు గానీ, ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు.

ఇంజనీరు గారు నన్ను పక్కకు పిలిచారు. "ప్రకృతి వైపరీత్యం అని వదిలేద్దాం. ఎవరి తప్పూ ఉండదు. అందరికీ మంచిది."

"మరియమ్మకు మంచిది కాదు సార్. మరమ్మతు ఎవరు చేస్తారు?"

"రిటైరయ్యే ముందు నీకెందుకయ్యా ఇంత పట్టుదల?"

"వంక నీ చేన్లోకి రాదని ఆమెకు చెప్పింది నేను సార్."

ఊరంతా ఆ నున్నటి కొసను చూసింది కాబట్టి వాళ్లకు తప్పలేదు. కాంట్రాక్టరు చేతనే కీ వాల్ కట్టించారు. ఈసారి గట్టు తవ్వింది మొదలు మన్ను నింపి దిమ్మిస కొట్టి గట్టిపరిచేదాకా నేను కదల్లేదు. తర్వాతి వానకు వంక తన దారినే పారింది. మిగిలిన చేను నిలిచింది. పోయిన మన్ను పోయినట్టే. అది నాలుగు వానలకు తయారయ్యేది కాదు, తరాలు పట్టేది.

పని చూడటానికి వచ్చిన మరియమ్మ గోడను తట్టి చూసి అడిగింది. "గోడ బాగుండాది సార్. మరి నా మింద ఏసిన మాట?"

"అది ఎవరూ నమ్మలేదు కదమ్మా."

"నమ్మకుంటే ఏమి? పదిమందిలో అనె. పదిమందిలోనే కాదని చెప్పమను. మన్ను నేను ఎట్లో తోలుకుంటా."

ఆఫీసుకు పోయి అదే చెప్పాను. "ఆమెకు నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా?" అని ఇంజనీరు గారు ఇంకో ఫైలు తెరిచారు. కాంట్రాక్టరుకు ఆ తర్వాత కూడా పనులు దొరికాయి. దస్తగిరికి మాత్రం చాలాకాలం మా పనుల్లో పిలుపు రాలేదు. ఆ వారం నేను రాసుకున్న డైరీ పేజీలు ఇప్పుడు తిరగేసినా నా కోపం చల్లారదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎవరైనా కలిస్తే నేను చెప్పేది ఒకటే. కట్టడం పక్కన గట్టు తెగితే ముందు కట్టడం కొసలు చూడండి. ఆ పక్కన చేను చేసుకునే మనిషి చేతులకు మట్టి అంటిందా అని చూడకండి. మట్టి పని చేసే చేతులకు మట్టే అంటుతుంది.

ఆమె అడిగిన మాట ఆ ఊళ్లో, ఆ పదిమంది ముందు, మా శాఖ తరఫున ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను రిటైరయ్యాను, ఏ శాఖ మనిషినీ కాను. అయినా చదివేవాళ్లు పదిమందైనా ఉంటారు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. మరియమ్మ ఆ గట్టు తవ్వలేదు.