మేక నెత్తురు చాలితే

నా చిన్నప్పుడు, మా గోదావరి పల్లెలో కొత్తగా రేకుల ప్రార్థన మందిరం కట్టారు. ప్రతిష్ఠకు ముందురోజు మా అమ్మమ్మ లోపలికి వెళ్ళి నేల అలికి వచ్చింది. అమ్మమ్మ మంత్రసాని. పురుళ్ళు పోసే చేతులతో అలికిందని సంఘం పెద్దకు ఒళ్ళు మండింది. మందిరం మైలపడిందన్నాడు. గడప మీద మేకను కోస్తే తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదన్నాడు. ప్రభువును నమ్ముకున్నారు గానీ పాత భయాలు మాత్రం అలాగే ఉన్నాయి వాళ్ళకు. కోయడానికి లాక్కొచ్చింది నేను పెంచుకున్న మేకను.

అమ్మమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏరా, నిన్ను ఈ లోకంలోకి లాగింది ఈ చేతులే. అప్పుడు లేని మైల ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"తప్పుకో అత్తా. ఇది దేవుడి చోటు, నీ పాక కాదు."

"మేక నెత్తురే చాలితే ఆయనెందుకు సచ్చాడ్రా?"

ఇద్దరు మగవాళ్ళు అమ్మమ్మను పక్కకు నెట్టారు. మేకను కోశారు, వండుకుని తిన్నారు. అమ్మమ్మ ముద్ద ముట్టలేదు. బతికినన్నాళ్ళూ ఆ మందిరంలో మళ్ళీ కాలు పెట్టలేదు. ఆదివారాలు బయట గోడకు ఆనుకుని, లోపలి వాళ్ళతో కలిసి పాడేది. ఆ తిన్నవాళ్ళ మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

ఈ అబుదాబికి పనికి వచ్చాక, ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని బైబిలు వాక్యం చదివితే తెలిసింది, తొలినాటి విశ్వాసులు చెప్పిందీ అదేనని. ఆయన రక్తం ఒక్కసారే చిందింది, ఇక ఏ బలీ అక్కర్లేదని. వాళ్ళకు కట్టిన గుళ్ళు కూడా లేవు. ఇళ్ళలో కూడి రొట్టె విరిస్తే ఆ చోటే పవిత్రం.

కరోనా తగ్గాక, ఊరి చివర ముసఫ్ఫాలో మా ప్రార్థన గది మళ్ళీ తెరిచారు. ఇక్కడి సంఘం పెద్ద, కబేళా నుంచి సీసాలో గొర్రె రక్తం తెప్పించాడు, గుమ్మానికి పూసి శుద్ధి చేస్తాడట. అరబ్బుల ఇళ్ళలో హమ్మాములు, అంటే స్నానాల గదులు, కడిగే ఆడవాళ్ళం అది అయ్యేదాకా బయట నిలబడాలట.

అమ్మమ్మ అడిగిందే అడిగాను.

"ఖలాస్ అక్కా, ఎక్కువ మాట్లాడకు. బయటికెళ్ళు," అన్నాడు.

ఆనాడు అమ్మమ్మ బయట కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి రొట్టె పెట్టిన బల్ల పక్కనే కూర్చున్నాను. ఇక్కడ మా ఆరాధన శుక్రవారమే; ఇప్పటికీ ప్రతి శుక్రవారం అక్కడే కూర్చుంటాను.