పోయినవి దొరికే స్వామి

చిన్న ఊళ్లలో జనం చెప్పుకునే వింతలంటే నాకు మొదటినుంచీ సరదా. బెంగుళూరులో ఒక బీమా కంపెనీలో పనిచేస్తాను. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, సంచి సర్దుకుని బస్సెక్కుతాను. ఊగే స్తంభం, నీళ్లలో తేలే రాయి, అమావాస్య నాడు గజ్జెల చప్పుడు వినిపించే బావి, ఇలాంటివి చూసి రావడం, వాటి గుట్టేమిటో తేల్చి మా యాత్రా మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం, నలుగురూ మెచ్చుకుంటే మురిసిపోవడం. పుంగనూరు వెళ్లిందీ అందుకే. వచ్చాక మాత్రం రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. మనుషుల పేర్లు, స్వామి పేరు, వీధి గుర్తులు అన్నీ మార్చి రాస్తున్నాను.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్సులో కూర్చున్నాను. చింతామణి దాటాక చాలాసేపు టమోటా తోటలే. మదనపల్లె చేరేసరికి పది దాటింది. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. పచ్చిమిర్చి బజ్జీ కారానికి కళ్లు చెమర్చాయి, కానీ ఉగ్గాని మాత్రం మళ్లీ పెట్టించుకున్నాను. మార్కెట్టు వైపు నుంచి ఎర్రటి పెట్టెలు పేర్చుకున్న లారీలు వరసగా వస్తుంటే రోడ్డు దాటడానికే కొంతసేపు పట్టింది.

పుంగనూరు బస్సులో కండక్టరు ఆధార్ కార్డు అడిగాడు. ఆంధ్రా ఆడవాళ్లకు టికెట్టు లేదట, నాది కర్ణాటక కార్డు. "మీకు ఫ్రీ లేదక్కా" అని నవ్వుతూ టికెట్టు కొట్టాడు. పక్క సీట్లో పెద్దమండ్యం నుంచి కూతురింటికి పోతున్న ఒక పెద్దాయన. ఎందుకు వెళుతున్నానని అడిగితే, పుంగనూరులో పోయిన వస్తువులు తెచ్చిచ్చే ఆంజనేయస్వామి ఉన్నాడట, చూడటానికని చెప్పాను.

"ఉండాడు. నా గొడుగు గూడ ఒగసారి ఆడే దొరికింది," అన్నాడాయన.

"ఎవరు తెచ్చి పెడతారో ఎవరూ చూడలేదా?"

"సూస్తే ఇంకేముంటాది మ్మా," అని ఆయన కిటికీ బయటికి చూపు తిప్పుకున్నాడు. నేను దాన్ని అమాయకత్వం అనుకున్నాను.

పన్నెండు లోపే పుంగనూరులో దిగి, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు ఉదయం మాత్రమే. భోజనం సంగతి తరవాత చూసుకుందామని సంచి అక్కడ పడేసి స్వామిని వెతుక్కుంటూ బయల్దేరాను. పెద్ద గుడేమీ కాదు. వీధి మలుపులో నిలువెత్తు బండకు సింధూరం పూసి, పైన రేకుల కప్పు వేశారు. బండ ముందు నున్నటి రాతిపలక. పోయినవి ప్రతి శనివారం తెల్లవారే సరికి ఆ పలక మీద ఉంటాయట.

నేను ఫొటోలు తీస్తుంటే పక్కింటి అరుగు మీంచి ఒకావిడ పిలిచింది. "ఎండలో యాల నిలబడినావు మ్మా, లోపలికి రా."

ఆవిడ పేరు రాజమ్మ. డెబ్బై దాకా ఉంటాయి. రిటైరైన స్కూలు టీచరు. తెల్లటి నూలు చీర, తల్లో చిన్న కనకాంబరాల మాల. భర్త అంగడికి పోయాడని చెప్పి, వద్దంటున్నా వినకుండా రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. నేను అడగకముందే స్వామి కథ మొదలుపెట్టింది. పూర్వం ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చే వ్యాపారికి ఈ మలుపులో ఒక ఎద్దు తప్పిపోయిందట. నాలుగు దిక్కులా వెతికి, ఏడ్చి, ఈ బండకు ఆనుకుని నిద్రపోయాడట. తెల్లారి కళ్లు తెరిస్తే ఎద్దు అతని మొహం నాకుతూ ఉందట.

"కొండనే ఎత్తుకొచ్చినోడు. నీ గొడుగు, నా చెంబు తేవడం ఆయనకో లెక్కా?" అని రాజమ్మ చిన్నపిల్లలా నవ్వింది. టైలరు కత్తెర, క్షవరం అంగడి దువ్వెన, పెళ్లి మేళంవాళ్ల తాళం, చివరికి ఏదో ఆఫీసులో కాగితాలకు బెజ్జాలు పెట్టే మిషను కూడా స్వామి తెచ్చిచ్చాడని వేళ్లు మడిచి చెప్పింది. అంత కమ్మగా కథ చెప్పే మనిషిని ఈ మధ్య చూడలేదు. నేను చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని ఆవిడ మాటలు రాసుకున్నాను. బయల్దేరేటప్పుడు దారికని ఒక పొట్లం బొరుగులు కూడా కట్టిచ్చింది.

సాయంత్రం లాడ్జికి వచ్చి చూసుకుంటే కళ్లద్దాల ఎర్ర డబ్బా లేదు. సంచి అంతా బోర్లించాను. లేదు. స్వామి ఎదురుగా ఉన్న టీ అంగడికి వెళ్లి అడిగాను. దాన్ని నడిపేది మునిలక్ష్మి అనే నలభై ఏళ్ల మనిషి. పాలు తిరగబోస్తూనే నావైపు చూసింది.

"యాడ పోగొట్టుకున్నావో తెలీదా? దిగులు పడొద్దులే. స్వామికి సెప్పుకో. రేపు శనివారం గదా, వచ్చేస్తాది."

బెంచీ మీద కూర్చున్న పాలాయన, ఇంకో ఇద్దరూ తలలు ఊపారు. ఎవరూ ఇంకో మాట అడగలేదు. నాకు పోయిన కళ్లద్దాల బాధ కంటే సంతోషమే ఎక్కువైంది. వింత నా వస్తువుతోనే జరగబోతోంది మరి.

మరునాడు చీకటి విడిచే వేళకే వచ్చి టీ అంగడిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. మునిలక్ష్మి నన్ను చూసి, "ఇంత బిరీన యాల వచ్చినావు? పో, తల స్నానం చేసి ఏడుకి రా," అంది. టీ అడిగాను. ఇవ్వడానికి కూడా ఆలస్యం చేసింది. ఒకటికి రెండుసార్లు నా ముందు నిలబడి వీధి కనబడకుండా చేసింది కూడా. అప్పుడైనా అర్థం చేసుకోవలసింది.

కాసేపటికి పంచె, తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన గుడ్డసంచితో వచ్చాడు. అంగడి వైపు చూడలేదు. అంగడిలోవాళ్లూ ఆయన వైపు చూడలేదు. పాలాయన క్యాన్ల మూతలు చూసుకుంటున్నాడు, వీధి ఊడ్చే ఇద్దరు ఆడవాళ్లు అటు తిరిగి చీపుర్లు ఆడిస్తున్నారు. ముసలాయన వంగి, పలక మీద ఒక గిన్నె పెట్టాడు. సైకిలు గంట పెట్టాడు. తరవాత నా ఎర్ర డబ్బా తీశాడు.

ఫొటో కొట్టాను. 'మిస్టరీ తేలిపోయింది' అని రాసి గ్రూపులో పెట్టేశాను. లేచి, "దొరికాడు! స్వామి దొరికిపోయాడు!" అని చప్పట్లు కొడుతూ రోడ్డు దాటాను.

ఆయన డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమండీ, నా కళ్లద్దాలు మీ దగ్గరికి ఎలా వచ్చాయి?" అని గట్టిగానే అడిగాను. గొంతులో కోపం లేదు. ఆట గెలిచిన హుషారు ఉంది. అది ఇంకా హీనం.

"మా ఇంట్లో మర్సిపోయినారేమో మ్మా," అన్నాడు మెల్లగా. నేను అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

"మీ ఇంటికి నేనెప్పుడొచ్చాను? నిన్న ఈ ఊళ్లో నేను వెళ్లింది ఒక్క రాజమ్మగారింటికే!"

వీధిలో చీపుర్ల చప్పుడు ఆగిపోయింది.

"ఆమె నా ఇంటామే మ్మా," అన్నాడాయన.

రెండు చేతులతో కళ్లద్దాల డబ్బా నాకిచ్చాడు. పలక మీద పెట్టిన గిన్నె, గంట మళ్లీ సంచిలో వేసుకున్నాడు. తల వంచుకుని ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నా చేతులు ఇంకా చప్పట్ల వేడితోనే ఉన్నాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంగడిలోకి వచ్చి కూర్చుంటే ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. చివరికి నేనే, "నాకు తెలియదు," అన్నాను.

"మాకు తెలుసు," అంది మునిలక్ష్మి. "అందురికీ తెలుసు. ఎవురూ అనలా. నువ్వు అన్నావు."

కొంచెంకొంచెంగా చెప్పింది. రాజమ్మకు ఏదైనా కనబడితే చేతికి వచ్చేస్తుందట. ఆశతో కాదు, అమ్ముకోవడానికీ కాదు. తీసినట్టు ఆవిడకు గుర్తుంటుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. గోవిందప్ప, అంటే ఆవిడ భర్త, వేలూరుకు తీసుకెళ్లి డాక్టర్లకు కూడా చూపించాడు. ఒకప్పుడు ఆవిడ తెచ్చిన ఎవరిదో చెంబును, వాళ్లింటికెళ్లి ఇవ్వలేక ఆయన ఈ పలక మీద పెట్టిపోతే, పోగొట్టుకున్నామె స్వామే ఇచ్చాడని కొబ్బరికాయ కొట్టింది. అప్పటినుంచి ఊరు ఆ మాటే పట్టుకుంది.

"మా పిలకాయలకంతా అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే. ఆ చేతిని పట్టుకొని దొంగ అంటామా?"

టీ తాగలేకపోయాను. చాలాసేపటికి ధైర్యం కూడదీసుకుని వెళ్లి తలుపు తట్టాను. గోవిందప్ప బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. క్షమించమని అడిగాను.

"మీరు అబద్ధమేం సెప్పలేదు గదమ్మా," అన్నాడు. "కోలారులో మా తమ్ముడుండాడు. ఆమెను ఆడికి పిల్చుకపోతా. ఈడ ఇంక మొగమెట్ల సూపించేది?"

ఇంతలో లోపలినుంచి రాజమ్మ వచ్చింది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏమ్మా, అద్దాలు పోయినాయంట గదా, దొరికినాయా?"

"దొరికాయండీ."

"ఎవురిచ్చినారు?"

గోవిందప్ప నేల చూస్తున్నాడు. "స్వామే ఇచ్చాడు," అన్నాను.

"నేను సెప్పలా!" అని ఆవిడ భర్త వైపు తిరిగి గర్వంగా చూసింది. ఆవిడకు ఏం తెలుసో, ఏం తెలియదో ఆ కళ్లలో నాకు దొరకలేదు. వెతకకూడదని కూడా అప్పుడే తోచి తల దించుకున్నాను.

అప్పుడు మునిలక్ష్మి వచ్చింది, పాలు కలిపే పెద్ద ఇత్తడి గరిటె చేతిలో పట్టుకుని. మెట్ల కింద నిలబడి, వీధంతా వినబడేట్టు, "అప్పా, నా గరిటె యాడో పోయింది. స్వామికి మొక్కుకున్నా. వచ్చే శనివారం సూసుకుంటా," అంది.

గోవిందప్ప తలెత్తి గరిటె వైపు చూశాడు. మునిలక్ష్మి మొహంలో నవ్వు లేదు. వెనకనుంచి పాలాయన, "నా సైకిలు గంట గూడ ఇంకా రాలేదప్పా," అన్నాడు.

గోవిందప్ప భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగాడు. "పెద్దదా, సిన్నదా?"

"పెద్దదే. ఇత్తడిది."

"స్వామి సూస్తాడులే."

మునిలక్ష్మి వెనక్కి తిరిగింది. గరిటె మాత్రం అరుగు చివర పెట్టేసి పోయింది. నేను ఇక అక్కడ ఉండటం బాగుండదని లేచాను. రాజమ్మ మళ్లీ రమ్మంది.

పదకొండు గంటలకు పలమనేరు బస్సు పట్టుకుని, అక్కడ కుప్పం బస్సు మారాను. సీటు దొరగ్గానే ఫోను తెరిచాను. గ్రూపులో చప్పట్లు, నవ్వు బొమ్మలు. ఒకాయన 'ముసలోడు భలే దొంగ' అని రాశాడు. ఫొటో తీసేశాను. చూడవలసినవాళ్లంతా అప్పటికే చూసేశారు. 'ఆయన దొంగ కాదు. పోయినవి తెచ్చిచ్చే మనిషి. ఫొటో తీయడం నా తప్పు' అని రాశాను. దానికి ఎవరూ ఏమీ అనలేదు. వి.కోట దాటేదాకా నేను రాసిన ఆ మూడు వాక్యాలే మళ్లీమళ్లీ చదువుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక కుప్పం చేరాను. అక్కడ ఏటేటా పెరిగే బండ ఒకటుందని, దాన్ని కొలిచి చూడాలని వచ్చేముందు అనుకున్నాను. ఆటో డ్రైవరు, "బండ కాడికి పోదామా మేడమ్? మా తాత సిన్నప్పుడు మోకాలెత్తే ఉండిందంట," అని తనే అడిగాడు. ఇంకోసారి వస్తానని చెప్పి స్టేషనుకు పోనిమ్మన్నాను. దారి పొడుగునా గ్రానైటు రాళ్ల లారీలు, దుమ్ము. స్టేషను బయట పెరుగన్నం తిని ప్లాట్‌ఫారం మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

గోవిందప్ప కోలారు వెళ్లాడో, పుంగనూరులోనే ఉన్నాడో నాకు తెలియదు. కనుక్కోవడం కష్టం కాదు, కానీ నేను కనుక్కోలేదు. ఇన్నేళ్లుగా నేను గుట్టు తేల్చాననుకున్న ఊళ్లలో ఎందరు నావైపు అలా మౌనంగా చూసి ఉంటారో అని మాత్రం ఆలోచిస్తూ ఉన్నాను. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగిందల్లా బస్సులు బాగానే ఉన్నాయని, మదనపల్లె ఉగ్గాని, పుంగనూరు సంగటి తప్పక తినమని. స్వామి ఏ వీధిలో ఉన్నాడని అడిగితే చెప్పను.

బెంగుళూరు రైలు జనంతో కిటకిటలాడుతూ వచ్చింది. బీన్సు మూటలతో ఎక్కిన ఒక ఆవిడ మూట జరిపి నాకు చోటిచ్చింది. రైలు కదిలాక నా మొహంలోకి తేరిపార చూసింది.

"ఏమక్కా, అట్లుండావు? ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"లేదమ్మా. నేనే అన్నాను."

"సరే, కండ్లు మూసుకో. కె.ఆర్. పురం వస్తే లేపుతా," అని ఆవిడ తన మూటను నాకు ఆనుకోవడానికి వీలుగా సర్దింది. నిద్ర పట్టలేదు. అయినా ఆవిడ లేపేదాకా కళ్లు తెరవలేదు.