నీలిగీత లోపలి చేను

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే, పక్క సీట్లోని ముసలాయన ఒక పటం నా చేతిలో పెట్టాడు. వాళ్ల ఊరి చెరువు పూడిక తీసి, కట్ట ఎత్తు పెంచి మళ్లీ నింపుతారట. మునిగే పొలాలకు పరిహారం ఇస్తారట. ఒప్పుకోలు సంతకం పెట్టడానికే ఆయన పోతున్నాడు.

"నీళ్లు యాడిదాకా వస్తాయో సూసి సెప్పప్పా," అన్నాడు.

పటంలో నీళ్ల హద్దుగా గీసిన నీలిగీత, ఆయన వేలుపెట్టి చూపిన చేను మొత్తాన్నీ, తూర్పు గట్టునూ దాటిపోయింది.

"చేనుకు పరిహారమిస్తారు గదా తాతా," అన్నాను.

"చేనుకిస్తారులే. తూర్పు గట్టు కాడ మా యామెను పూడ్సినాం. ఆమెకు నీళ్లంటే శానా భయమప్పా. బాయి మెట్లు గూడా దిగేది కాదు. ఆ గట్టు మునుగుతాదా?"

పటం మడిచి ఆయన చేతిలో పెట్టాను.

"గట్టు గీత బయటే ఉండాది తాతా."

ఎమ్మిగనూరు వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. దిగి, ఆఫీసు వైపు గబగబా నడిచాడు. నిజం తెలిసుంటే, సంతకానికి ముందే సమాధిని వేరేచోటికి మార్చమని అడిగేవాడు. ఆ సంగతి తట్టేసరికి ఆయన కనబడలేదు.

మొన్న వానలకు ఆ వైపు చెరువు నిండిందని బస్సులో ఎవరో సంతోషంగా చెబుతుంటే, ఏ ఊరిదని అడగడానికి భయమేసింది.