పన్నుకు సర్వీసింగ్

ఎవ్వలకు చెప్పద్దనుకున్న. కని చాయ్ ముందట కూసుంటే నా నోరు ఆగది, మీకెర్కే గదా. మొన్న సుబేదారిల పళ్ల డాక్టరు నన్ను చూసి తిట్టాల్నో నవ్వాల్నో తెలువక కుర్చీల కూలవడ్డడు. ఇజ్జత్ మొత్తం పోయింది.

మా అక్క బిడ్డ రజితకు ఎనిమిదేండ్లు. సైకిల్ ముందట కూసోవెట్టుకొని స్టేషన్ రోడ్డు మీద పోతాన. నా దుకాణం బోర్డుకు రంగు పోయింది, దాన్నే చూస్తాన. గుంత చూడలే. ఇద్దరం పడ్డం. నాకు మోచెయ్యి గీసుకపోయింది, గంతే. పోరికి పాలపన్ను ఊడినంక కొత్తగ వచ్చిన ముందటి పన్ను వేరుతోటి ఊడి మట్టిల పడ్డది.

దవాఖానకు ఉర్కాలె గదా? ఉర్కలే! నేను గడియారాలు రిపేర్ చేసేటోన్ని. ఇరవై ఏండ్ల సంది నాకు తెలిసింది ఒక్కటే పని: ఇప్పు, కడుగు, మళ్ళ పెట్టు. పోరిని దుకాణంల స్టూలు మీద కూసోవెట్టి, నోట్లె దస్తీ పెట్టి, ఏడవకు బిడ్డా, కొత్తదాని లెక్క చేసిస్త అన్న. కంటికి అద్దం పెట్టుకొని పన్నును పెట్రోల్ల ముంచి బ్రష్ కొట్టిన. వేరు కొసకు బొక్క ఉన్నది, దాంట్ల ఎర్రగ మెత్తటి ముద్ద. నెత్తురు గడ్డకట్టింది కావచ్చు, ఉంటే కుళ్ళుతదనుకున్న. చిమ్టాతోటి మెల్లగ గుంజిన. తెగకుండ మొత్తం వచ్చింది, నాకెంత ఖుషీనో!

అరగంట పట్టింది. దూదిల చుట్టి, కొత్త గడియారం డబ్బాల పెట్టి, పోరిని తీస్కపోయి, మళ్ళ పెట్టుమని డాక్టరుకిచ్చిన. మెచ్చుకుంటడనుకున్న, నిజంగ.

ఆయన పన్నును లైటుకు పట్టి చూసిండు. "లోపటి గుజ్జేది?"

"మురికి సార్. సాఫ్ చేసిన."

ఆయన కుర్చీల కూలవడ్డది అప్పుడే. చిన్నపిల్లల పన్ను వేరు ఇంక పెరుగుతనే ఉంటదట. ఆ గుజ్జుల ఉండే కణాలు ఏది కావాల్నంటే అది అయితయట, పన్ను లోపటి గోడ కట్టేటియి కొన్ని, గుజ్జును మళ్ళ నింపేటియి కొన్ని. పాలల్ల వేసుకొని ఎంబడే వస్తే, పెట్టిన పన్ను మళ్ళ పానం పోసుకునేదేమో అన్నడు.

"పన్ను కట్టే మేస్త్రీనే గుంజి పారేసినవ్ కదయ్యా," అన్నడు.

పోరి పెద్దగయ్యేదాక సందు అట్లనే ఉంటదట, తర్వాత కట్టుడు పన్నేనట. మా అక్క ఆ రాత్రి నాకు గూడ అన్నం పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండు.

నిన్న రజిత బడికి పోతాంది. నా దుకాణం ముందటికి రాంగనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దబదబ నడుస్తాంది. సందు కనవడుతదని సిగ్గువడుతాందనుకొని నా పానం ఉసూరుమన్నది. పిలిచి, నా మీద కోపమా బిడ్డా అని అడిగిన. తల అడ్డంగ ఊపింది. చెయ్యి మాత్రం తియ్యలే.

"పక్క పన్ను ఊగుతాంది మామా. నువ్వు చూస్తే కడుగుతవ్."